ఎనిమిది మందిలో నలుగురు నాయకులా? ఈనియోస్ గ్రెనడియర్స్‌పై చర్చ

యాంకర్: నమస్కారం. 2025 వుయెల్టా, అంటే స్పెయిన్ మూడు వారాల సైకిల్ రేసు, ముగిసింది. టామ్ పిడ్‌కాక్ మూడో స్థానం సాధించాడు, అది కూడా క్యూ36.5 అనే రెండో శ్రేణి జట్టు జెర్సీలో. 2024 డిసెంబర్ దాకా అతను బ్రిటన్ జట్టు ఈనియోస్ రైడర్, కాంట్రాక్ట్ 2027 వరకు ఉన్నా మధ్యలోనే విడిపోయారు. ఈ జట్టు ఎవరిని ఉంచుకుంటోంది, ఎవరిని వదులుకుంటోంది, ఎందుకు? మనతో ఒక మాజీ రేసర్, ఒక స్పోర్ట్స్ విలేకరి, ఒక కోచ్ ఉన్నారు. సర్, ముందు మీరు చెప్పండి.

మాజీ రేసర్: పిడ్‌కాక్ ఒక్కడే వెళ్లి ఉంటే, పొసగలేదులే అని సరిపెట్టుకునేవాణ్ణి మేడమ్. కానీ 2022 చివర్లో కారపాజ్, ఆడమ్ యేట్స్, ఆ ఏడాది పారిస్–రూబే అనే ఒక్కరోజు రేసు గెలిచిన డిలన్ వాన్ బార్లె, ముగ్గురూ ఒకేసారి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది యేట్స్ యూఏఈ జట్టు తరఫున టూర్ డి ఫ్రాన్స్ మొదటి స్టేజే, అంటే మొదటి రోజు పోటీయే, గెలిచి చివరికి మూడో స్థానంలో నిలిచాడు. కారపాజ్ 2024 టూర్‌లో ఒక రోజు, మొత్తం మీద ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేసుకున్నాడు, ఒక స్టేజ్ గెలిచాడు, కొండల మీద పాయింట్లకిచ్చే చుక్కల జెర్సీ కూడా అతనికే వచ్చింది. అదే ఏడాది గిరోలో, అంటే ఇటలీ మూడు వారాల రేసులో, ఈనియోస్ రైడర్ థామస్ మూడోవాడైతే, అతని కంటే ముందు రెండో స్థానంలో ఉన్నది డాని మార్టినెజ్, అంతకుముందు సీజన్ దాకా వీళ్ల రైడరే! అంటే మనుషుల్ని గుర్తుపట్టడం వీళ్లకు తెలుసు. తెచ్చుకున్నాక వాళ్లకు పని చెప్పడం తెలియట్లేదు. నా బాధంతా అదే.

విలేకరి: మీరు కొంచెం కఠినంగా మాట్లాడుతున్నారు సర్. ఈ జట్టు భవిష్యత్తంతా బెర్నల్ మీద కట్టుకుంది. 22 ఏళ్లకే 2019 టూర్, తర్వాత 2021 గిరో గెలిచిన కుర్రాడు, 2022 జనవరిలో కొలంబియాలో ప్రాక్టీస్ చేస్తూ ఆగి ఉన్న బస్సును గుద్దుకున్నాడు. వెన్నుపూసలు, తొడ ఎముక, మోకాలి చిప్ప అన్నీ విరిగాయి. బతికి బయటపడడమే గొప్ప. దానికి రెండేళ్ల ముందు, 2020లో, కారులోంచి రేసు నడిపించే నికొలా పోర్టల్ 40 ఏళ్లకే చనిపోయాడు. ఇవి ఎంపికలో తప్పులు కావు కదా?

మాజీ రేసర్: కావు, ఒప్పుకుంటాను. కానీ బెర్నల్ పడిపోయిన ఏడాది చివర్లోనే కారపాజ్‌ని, యేట్స్‌ని పోనిచ్చారు. ఇంట్లో పెద్దదిక్కు మంచాన పడితే, సంపాదిస్తున్న ఇద్దరినీ కూడా పంపించేస్తామా?

యాంకర్: 2024లో మొత్తం 14 విజయాలేనట, నిజమేనా?

విలేకరి: నిజమే. 2010లో టీమ్ స్కైగా మొదలైనప్పటి నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. 2012 నుంచి 2019 వరకు ఎనిమిది టూర్లలో ఏడు గెలిచిన జట్టిది. విగ్గిన్స్ ఒకటి, ఫ్రూమ్ నాలుగు, థామస్, బెర్నల్ చెరొకటి.

కోచ్: ఆ 14 గురించి మాట్లాడుకునే ముందు 2024 టూర్‌కి పంపిన జాబితా చూద్దాం, నాకు అసలు కథ అక్కడే కనిపిస్తుంది. ఉన్నది ఎనిమిది సీట్లు. అందులో రోడ్రిగెజ్, బెర్నల్, థామస్, పిడ్‌కాక్ నలుగురూ తమ కోసం తాము తొక్కగల వాళ్లే. థామస్‌కి 38 ఏళ్లు, గిరోలో మూడు వారాలు తొక్కి వచ్చాడు. పిడ్‌కాక్‌కి మొత్తం టూర్ మీద కన్నుందా, ఏదో ఒక స్టేజ్ మీదా, లేక పారిస్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ మీదా? చివరికి కోవిడ్‌తో మధ్యలో తప్పుకున్నాడు, ఒలింపిక్స్‌లో మాత్రం స్వర్ణం కొట్టాడు. రోడ్రిగెజ్‌కి ఏడో స్థానం. జట్టుకు ఒక్క స్టేజ్ కూడా రాలేదు. ఫ్రూమ్ రోజుల్లో ఎలా ఉండేది? కొండ మొదలవగానే నలుగురైదుగురు వరుసగా ముందుకొచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఊపిరి ఆడనివ్వని వేగంతో లాగేవాళ్లు, ఆ వేగంలో వేరేవాడు దాడి చేయాలంటేనే భయపడేవాడు. ఆ పద్ధతికి నాయకుడు ఒక్కడే ఉండాలి, మిగతావాళ్లు తమ ఫలితం వదిలేసుకోవాలి. పైగా ఇప్పుడు టూర్ విజేతలు పొగాచార్, వింగెగార్డ్ ఆ వేగం మీద కూడా దాడి చేసి వెళ్లిపోతున్నారు.

యాంకర్: అంటే పాత పద్ధతి పనికిరాదంటారా?

కోచ్: పనికొస్తుంది, ఆ ఒక్క నాయకుడు ఉంటే. లేనప్పుడు రైడర్లను వదిలేయాలి, గుంపును వదిలి ముందుకు దూసుకుపోయే బ్రేక్‌అవేలోకి వెళ్లనివ్వాలి. 2025 టూర్‌లో అదే జరిగింది కదా! ఆరెన్స్‌మన్‌ని వదిలారు, సూపర్‌బాన్యేర్, లా ప్లాన్య్ కొండ స్టేజ్‌లు రెండూ గెలిచాడు. లా ప్లాన్య్‌లో పొగాచార్, వింగెగార్డ్ వెనకాలే తరుముకొస్తుంటే తట్టుకుని గెలిచాడు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

విలేకరి: ఈ ఏడాది అదొక్కటే కాదు. మిలాన్–సాన్ రెమో ఒక్కరోజు రేసులో వాన్ డర్ పూల్ వెనక ఈనియోస్ రైడర్ గన్నా రెండోవాడు, పొగాచార్ కంటే ముందు. వుయెల్టాలో బెర్నల్‌ది ఒక స్టేజ్, గన్నాది టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే స్టేజ్. బెర్నల్‌కి గ్రాండ్ టూర్లో, అంటే టూర్, గిరో, వుయెల్టాల్లో, స్టేజ్ విజయం 2021 తర్వాత ఇదే.

మాజీ రేసర్: సంతోషమే, బెర్నల్ గెలిస్తే ఎవరికి సంతోషం ఉండదు? కానీ వీళ్ల రైడర్ నార్వాయెజ్ సంగతో? 2024 గిరో మొదటి రోజే ట్యూరిన్‌లో పొగాచార్‌ని స్ప్రింట్‌లో ఓడించాడు. ఆ సీజన్ అయ్యాక అదే పొగాచార్ జట్టు యూఏఈకి వెళ్లిపోయి, జనవరిలోనే టూర్ డౌన్ అండర్ గెలిచేశాడు. పిడ్‌కాక్ 2024లో వీళ్లకి ఆమ్‌స్టెల్ గోల్డ్ రేసు గెలిపించాడు. అక్టోబర్‌లో మంచి ఫామ్‌లో ఉన్నానని అతనే చెప్పినా ఇల్ లొంబార్దియా రేసు జట్టు నుంచి తప్పించారు. గెలిచేవాడితో సర్దుకోవడం కష్టమే, కానీ గెలవనివాళ్లతో సర్దుకుపోయి ఏం చేస్తాం?

విలేకరి: డబ్బు విషయం మర్చిపోతున్నారు. ఒకప్పుడు ఎవరినైనా కొనగలిగింది వీళ్లే. ఇప్పుడు యూఏఈ ముందు ఆ మాట చెల్లదు.

మాజీ రేసర్: అందుకే ఉన్నవాళ్లను నిలుపుకోవాలంటున్నాను!

యాంకర్: ఒక్క నిమిషమే ఉంది. వచ్చే సీజన్‌కి వెంటనే చేయాల్సిన పని?

కోచ్: గిరోకి ఎవరు, టూర్‌కి ఎవరు, ఎవరి కోసం ఎవరు తొక్కాలి, ఇదంతా శీతాకాలం క్యాంపులోనే రైడర్ల ముఖాన చెప్పేయాలి. టార్లింగ్ లాంటి కుర్రాళ్లకు గన్నా పక్కన ఏ టైమ్ ట్రయళ్లు దక్కుతాయో కూడా అప్పుడే తేల్చాలి. జూలై దాకా నానిస్తే మళ్లీ నలుగురు నాయకులతోనే బయలుదేరతారు.