ఎముక దొరికితే ఏ ఆఫీసుకి తీసుకెళ్ళాలి?

(జాతీయ విజ్ఞాన దినోత్సవ సభ, విశాఖపట్నం. ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, ముందు వరసలో కూర్చున్న ఇంటర్ పిల్లలకీ, వెనకాల ఫ్యాన్ కింద చోటు చూసుకుని సర్దుకున్న నా తోటి పెన్షనర్లకీ నమస్కారం. పరిచయం చేసిన తమ్ముడు నా గురించి చాలా చెప్పాడు, అందులో సగం కొట్టేయండి. జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, అంతే. ఫిబ్రవరి 28 కదా, రామన్ గారి గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. ఆయన గురించి ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం, ఈ ఒక్క ఏడాదికి ఏమీ అనుకోరులెండి. నా మనసులో ఎప్పట్నుంచో ఒకటి నలుగుతోంది, అది చెప్తాను.

మీలో యాగంటి వెళ్ళినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. బసవన్న పెరుగుతున్నాడా లేదా చూసి, కోనేట్లో మునిగి, వచ్చేసి ఉంటారు. ఆ బనగానపల్లె మండలంలోనే జ్వాలాపురం అని ఊరుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు? ఒక్క చెయ్యి. అది మా స్టూడెంటుది, లెక్కలోకి రాదు.

సుమారు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేషియాలో, సుమత్రా దీవిలో, టోబా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి మన నేల మీద పడింది. చాలాచోట్ల గాలికీ వానకీ కొట్టుకుపోయింది గాని, ఆ జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో మాత్రం కొన్నిచోట్ల రెండు మీటర్లకి పైగా పేరుకుని ఉండిపోయింది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ అనే పురావస్తు శాస్త్రవేత్తల బృందం అక్కడ తవ్వితే బూడిద పొర కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే, రెండూ ఇంచుమించు ఒకే తరహావి. 2007లో సైన్స్ పత్రికలో వేశారు. అంత ఉత్పాతంలోనూ అక్కడి జనం తట్టుకుని బతికారని వాళ్ళ వాదన. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులా, మనకంటే ముందు రకమా అన్నదాని మీద కొట్లాట ఇంకా తెగలేదు. తెగదు కూడా, ఎందుకంటే ఆ పొరల్లో పనిముట్లున్నాయి గాని చేసినవాడి ఎముక లేదు.

పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్పుకి అక్కడికి తీసుకెళ్ళాను. వెళ్ళేసరికి ఆ బూడిదని పారలతో ట్రాక్టర్ ట్రక్కులోకి ఎత్తుతున్నారు. తెల్లగా పిండిలా ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే మాత్రం గరగరమంటుంది. అగ్నిపర్వతపు గాజు కదా, లెన్సు పెట్టి చూస్తే సన్నసన్నటి పెంకులు కనిపిస్తాయి. ఎక్కడికయ్యా ఇది అంటే, ఎత్తుతున్న అబ్బాయి "గిన్నెలు తోమే పొడికి పోతాది సార్, శానా తెల్లగా వస్తాయి" అన్నాడు. ఆ అబ్బాయిని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. వాడికి కూలి గిట్టాలి, మనకి గిన్నెలు మెరవాలి. ప్రపంచమంతా వచ్చి చూసిన పొర అది, మన వంటింటి తూములోంచి కాలవలోకి పోయింది.

ఊరుకోలేక ఒక ఆఫీసుకి వెళ్ళాను. పేర్లు వద్దు. "కట్టడం ఏమైనా ఉందా?" అన్నారు. లేదండీ. "విగ్రహం? శాసనం?" లేదండీ, బూడిద. "బూడిదైతే మాది కాదు మాస్టారూ." రెండో ఆఫీసుకి వెళ్తే, రాయల్టీ కట్టి తవ్వుతున్నారా లేదా అన్నంతవరకే మా పని అన్నారు. మూడోచోట చాలా శ్రద్ధగా విన్నారు, మాది పరిశోధన గాని ఆపే అధికారం మాకెక్కడిది అన్నారు. ముగ్గురూ టీ ఇచ్చారు, ఆ మాట చెప్పుకోవాలి.

నా బాధంతా ఇదేనండి. మన పురావస్తు చట్టాలు రాసినవాళ్ళ కళ్ళ ముందు గుళ్ళున్నాయి, కోటలున్నాయి, విగ్రహాలున్నాయి. శిలాజాల కోసమే అంటూ రాసిన చట్టం ఒక్కటీ లేదు. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల మీద, అంటే నేల చరిత్ర చెప్పే రాళ్ళూ శిలాజాలూ ఉన్న చోట్ల మీద, ఒక ముసాయిదా బిల్లు పెట్టింది. అధికారమంతా జియలాజికల్ సర్వే చేతిలో పెడితే యూనివర్సిటీల వాళ్ళం పర్మిషన్ల చుట్టూ తిరగాలని పరిశోధకులు గోల పెట్టారు. గోలలో న్యాయముంది. అలాగని బిల్లునే మూలన పడేస్తే ఎలా? మార్చి తెండి.

దక్షిణాఫ్రికాలో 1999లోనే చట్టం చేసుకున్నారు. శిలాజం ప్రభుత్వానిది, పర్మిట్ లేకుండా తవ్వడానికి లేదు. 2013లో అక్కడ రైజింగ్ స్టార్ గుహలో జానెడు కూడా లేని సందులోంచి కిందకి దిగాల్సి వచ్చింది. సన్నగా ఉండి, గుహల్లో దిగడం వచ్చిన శాస్త్రవేత్తలు కావాలని ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చారు. చివరికి దిగింది ఆరుగురు ఆడపిల్లలు. అమ్మాయిలూ, వింటున్నారా? పదిహేను వందలకి పైగా ఎముకలు, ముక్కలు పైకి తెచ్చారు, హోమో నలేడి అన్న కొత్త ఆదిమానవ జాతే బయటపడింది. దానికి బయటి సంస్థ డబ్బూ ఉంది, వాళ్ళ ప్రభుత్వ పరిశోధన నిధీ ఉంది.

మనకేముంది? నర్మద ఒడ్డున హథ్నోరాలో 1982 డిసెంబరు 5న జియాలజిస్టు అరుణ్ సొనాకియా గారికి దొరికిన ఆదిమానవుడి కపాలం పైభాగం. తర్వాత అక్కడే మెడ కింది ఎముకల్లాంటివి కొన్ని దొరికాయి. అంతకాలపు కపాలం ఇంత దేశంలో ఇంకోటి లేదు. లేదంటే లేక కాదు, వెతికేవాళ్ళు లేక అని నా అనుమానం.

డబ్బు లేదనకండి. 2023లో జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం తెస్తూ ఐదేళ్ళకి 50,000 కోట్లు అన్నారు, అందులో పెద్ద వాటా ప్రైవేటు నుంచి రావాలట. కంపెనీవాడు బ్యాటరీ మీద పెడతాడు, మందుల మీద పెడతాడు, తప్పులేదు. ఆదిమానవుడి దవడ మీద ఎందుకు పెడతాడండీ? లాభం లేని పని కాబట్టే అది సర్కారు చెయ్యాలి. చేస్తే ఫలితం ఉంటుంది కూడా. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో జియలాజికల్ సర్వేవాళ్ళు తవ్వి తీసిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకల గూడుని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెడితే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అదే పిల్లలకి పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి 2023లో పరిణామం పాఠం పీకేశారు. సరే, ఆ గొడవ ఎత్తుకుంటే తెల్లారిపోతుంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఐదు నిమిషాలండీ.

మన ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి రోడ్డు మీద రోజూ పోతూ చూస్తాం. మంచుయుగంలో సముద్రం వెనక్కి పోతే బయటపడ్డ ఇసకని గాలి మోసుకొచ్చి పోసింది, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవారసత్వ స్థలం అంది. అక్కడ చిన్నచిన్న రాతి పనిముట్లు దొరికాయి. మనకి మాత్రం సినిమా పాటలు, ప్రీ వెడ్డింగ్ షూట్లు. అంచుల్లో ఎప్పుడు ఏ జేసీబీ దిగుతుందో అని టెన్షన్.

పిల్లలూ, అక్కడ రాయి కనబడితే జేబులో వేసుకోకండి. తీశారా, అది ఏ పొరలో ఉందో ఆ సంగతి పోయినట్టే. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తియ్యండి, లొకేషన్ ఆన్ చేసుకోండి, మీ మాస్టారికి పంపండి.

మాస్టారు ఎవరికి పంపాలి? అదే నేనడిగేది. 1926లో పెట్టిన యూనివర్సిటీ ఉంది ఈ ఊళ్ళో, జియాలజీ ఉంది, ఆంత్రోపాలజీ ఉంది. తాళం వేసిన ఒక గది, ఒక రిజిస్టరు, పర్మనెంటు పోస్టులో ఒక క్యూరేటరు, దొరికిన చోట తవ్వకం ఆపమని కలెక్టరుకి రాయగలిగే అధికారం. ఇంతకు మించి అర్జీలో ఏమీ రాయలేదు. వెనక బల్ల మీద ఉంది. ఫోన్ నంబరు అక్కర్లేదు, పేరూ ఊరూ రాసి సంతకం పెట్టండి చాలు. టీ కూడా ఆ బల్ల దగ్గరే పెట్టించాం, తప్పించుకోలేరు.