చట్టం ఏ తారీఖు నుంచి మారినట్టు?

అందరికీ నమస్కారం. నెల్లూరు కోర్టులో డిఫెన్స్ సైడు కేసులు చూస్తుంటాను కదా, గంజాయి చట్టం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

2021లో ఒకామె మా ఆఫీసుకొచ్చింది, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతది, పులుపుకి వేళ్లన్నీ పగిలున్నాయి, ఆ వేళ్లతోనే కొంగు ముడి విప్పి పేపర్ ముక్క తీసి "సార్, మత్తుమందుల చట్టం మారుస్తన్నారంట గదా, మా పిలగోడికి తగ్గుద్దా?" అనింది. వాడు హైవే మీద బస్సులో దొరికాడు, సంచిలో రెండున్నర కేజీల గంజాయి.

పేపర్లో రాసింది అబద్ధమేం కాదు. ఈ మత్తుమందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, కేంద్ర ఆర్థిక శాఖలోని రెవెన్యూ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంది, వాళ్లు సలహాలడిగితే సామాజిక న్యాయ శాఖ, సొంతానికి కొంచెం వాడేవాళ్లని జైలుకి కాకుండా ట్రీట్‌మెంట్‌కి పంపండి అని చెప్పింది. కానీ సలహా బిల్లు కాదు. డ్రాఫ్ట్ రాయాల, న్యాయ శాఖ చూడాల, కేబినెట్ ఒప్పుకోవాల, సభలో పెట్టాల, బిల్లుల్ని పరిశీలించే ఎంపీల స్టాండింగ్ కమిటీకి పోతే అక్కడ నెలలు పట్టుద్ది, రెండు సభలూ పాస్ చేసి రాష్ట్రపతి సంతకం పెట్టి గెజిట్లో వచ్చినా సరే, చాలాసార్లు ఫలానా తేదీ నుంచి అమలు అని ఇంకో నోటిఫికేషన్ పడిందాకా పాత చట్టమే నడుస్తది.

1985 చట్టంలో కొన్ని గ్రాముల హెరాయిన్‌కి కూడా మినిమం 10 ఏళ్లు, మరీ కొంచెమే ఉండి సొంతానికే అని నిరూపించుకుంటే తప్ప. అది సరికాదని 1998లో బిల్లు పెడితే, బరువుని బట్టి శిక్ష అనేది 2001 అక్టోబర్ 2న అమల్లోకొచ్చింది. గంజాయికి 1 కేజీ దాకా కొంచెం, 20 కేజీలు దాటితే వ్యాపారానికి అనే లెక్క కూడా చట్టంలో లేదు, అదే నెల 19న విడిగా నోటిఫై చేశారు. ఇంకా బాధేందంటే, విచారణలో ఉన్న కేసులకి కొత్త శిక్షలు వర్తించినాయి, అప్పటికే అప్పీల్లో ఉన్నోళ్లకి వర్తించలా. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో, ఒకడి కోర్టు తొందరగా తీర్పిచ్చిందని వాడే నష్టపోయాడు. దాన్ని సుప్రీంకోర్టు 2004లో సరేనంది గానీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2014 సవరణలో ఒక క్లాజుకి గుర్తుగా ఉన్న అక్షరం మార్చి, దాన్ని చూపించే 27ఏ సెక్షన్లో పాత అక్షరమే వదిలేశారు. ఈ వ్యాపారానికి డబ్బు పెట్టేవాళ్లని శిక్షించే సెక్షన్ అది. త్రిపుర హైకోర్టు ఎత్తిచూపాక 2021 సెప్టెంబర్ 30న ఆర్డినెన్స్, డిసెంబర్లో చట్టం, అంతా చకచకా అయిపోయింది. ఆ తల్లి వచ్చిన ఏడే అది. వాడేవాళ్లకి ట్రీట్‌మెంట్ అన్న మాట మాత్రం ఆ బిల్లులో లేదు.

ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పా. అమ్మా, ఆ మార్పు వచ్చినా మీవాడికి కాదు, రెండున్నర కేజీలు సొంతానికి అంటే ఎవరూ నమ్మరు, 1 కేజీ దాటి 20 లోపు ఎంతున్నా 10 ఏళ్ల దాకా వెయ్యొచ్చు, ఎంతనేది జడ్జి గారి చేతిలో ఉంది. రెండు కేజీలోడినీ పందొమ్మిది కేజీలోడినీ ఒకే గాటన కట్టే ఈ లెక్క మారాలని నా గట్టి అభిప్రాయం.

అది చెప్పుకునే చోటు స్టాండింగ్ కమిటీ. బిల్లు అక్కడికి పోతే అభిప్రాయాలు పంపమని పేపర్లో ప్రకటన ఇస్తారు, ఎవరైనా రాయొచ్చు. అట్టాంటి ప్రకటన కంటబడితే నాకు చెప్పండి, మీరు తెలుగులో రాసిస్తే ఇంగ్లీషు చేసి పంపే పని నాది.