తైవాన్ డ్రామా ఎక్కడ వేరు? ఒకే కథ, ఐదు దేశాలు

[తెరపై: ఐదు పోస్టర్లు పక్కపక్కనే. కింద సంవత్సరాలు: 2001, 2005, 2009, 2018, 2021]

నమస్తే. ఈ ఐదు పోస్టర్లూ ఒకే కథవి. బాగా డబ్బున్న నలుగురు కుర్రాళ్లు, వాళ్లు చదివే చోటికి వచ్చిపడ్డ ఒక మామూలింటి పిల్ల. మూలం జపాన్ మాంగా, అంటే బొమ్మల కథ, రాసింది యోకో కామియో. కానీ నటులతో టీవీ సీరియల్‌గా మొదట తీసింది జపాన్ కాదు, తైవాన్. 2001లో నిర్మాత ఏంజీ చాయ్, దర్శకుడు సాయ్ యువే-షున్ కలిసి తీసిన 'మీటియర్ గార్డెన్' అది. బార్బీ షూ హీరోయిన్, జెర్రీ యాన్ హీరో. జపాన్ 2005లో, కొరియా 2009లో, చైనా 2018లో, థాయ్‌లాండ్ 2021లో తీశాయి. మనలో చాలామందికి తెలిసింది కొరియా వాళ్ల 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్'.

ఈ ఐదూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ దేశం డ్రామా ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది.

[తెరపై: ఎపిసోడ్ల సంఖ్య. జపాన్ 9, కొరియా 25, చైనా 49, థాయ్‌లాండ్ 16]

జపాన్ మొదటి సీజన్‌ను 9 ఎపిసోడ్లలో చుట్టేసింది. సీన్ మొదలయ్యే లోపే పని అయిపోతుంది. కొరియా న్యూ కాలెడోనియా దాకా వెళ్లి షూట్ చేసింది. ప్రైవేట్ విమానాలు, బట్టలు, ఇళ్లు, అన్నీ కళ్లు చెదిరేలా ఉంటాయి. చైనా 49 ఎపిసోడ్లు తీసింది. దానికి నిర్మాత కూడా ఏంజీ చాయే. కానీ కథలో ర్యాగింగ్ పదును బాగా తగ్గించేశారు, కుర్రాళ్లు మంచి విద్యార్థులైపోయారు. తొలి తైవాన్ వెర్షన్‌ను చైనా 2002లో టీవీలో ఆపించిన సంగతి గుర్తుంటే ఇది ఎందుకో అర్థమవుతుంది. థాయ్ వాళ్లు దానికి ఎదురు దిక్కులో వెళ్లి, ర్యాగింగ్‌నే అసలు సమస్యగా తీసుకున్నారు.

మరి 2001 నాటి తైవాన్ వెర్షన్? లైటింగ్ ఒక సీన్‌లో ఒకలా, ఇంకో సీన్‌లో ఇంకోలా ఉంటుంది. సెట్‌లో ఖర్చు పెట్టలేదని కనిపించిపోతుంది. హీరో జుట్టు గురించి మాట్లాడకపోవడమే మంచిది. అయినా ఫిలిప్పీన్స్‌లో 2003లో అది ఊపేసింది, ఇండోనేషియాలోనూ అంతే. కారణం హీరోయిన్ మాట్లాడే తీరు. ఆమె అరుస్తుంది, గొణుక్కుంటుంది, అమ్మతో వాదిస్తుంది, వాదిస్తూనే అన్నం తింటుంది. మంచి కెమెరా లేనప్పుడు సీన్‌ను నిలబెట్టేది మాటే. తైవాన్ వాళ్లు ఆ మాట మీదే బతికారు. ఇప్పుడు డబ్బు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

[తెరపై: నాలుగు దేశాల ప్రసార వేళలు]

ఇక గడియారం సంగతి. ఇది తెలియకపోతే తైవాన్ డ్రామా 'లాగుతోంది' అని మధ్యలో వదిలేస్తారు.

కొరియాలో టీవీ డ్రామా వారానికి రెండు రోజులు వస్తుంది. సోమ-మంగళ, బుధ-గురు, శని-ఆది, ఇలా జతలు. ఒక్కోటి గంటకు పైనే, పాత లెక్క 16 ఎపిసోడ్లు. ఇవాళ చూసిన దానికి రేపే కొనసాగింపు ఉంటుంది కాబట్టి మొదటి రోజు చివర గట్టి మలుపు పెడతారు. జపాన్‌లో వారానికొకటి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లలో కొత్త సీజన్ మొదలై, 10 లేదా 11 ఎపిసోడ్లతో మూడు నెలల్లో ముగుస్తుంది. ప్రకటనలు తీసేస్తే ఒక్కోటి 45 నిమిషాలే. చైనాలో ఎపిసోడ్లు పొట్టివి, లెక్క పెద్దది. 2020లో అక్కడి నియంత్రణ సంస్థ 40 దాటొద్దని చెప్పాల్సి వచ్చింది.

తైవాన్‌లో యూత్ కోసం తీసే ప్రేమకథలను 'ఐడల్ డ్రామా' అంటారు. వీటికి పేరుపడ్డ వేళ ఆదివారం రాత్రి 10 గంటలు. వారానికి ఒక్కటే, 90 నిమిషాల స్లాట్. అంటే ఒక్కో ఎపిసోడ్ చిన్న సినిమా అంత. మలుపు కోసం పరుగెత్తాల్సిన పని లేదు. ఇద్దరు నడిరోడ్డు మీద నడుస్తూ ఐదారు నిమిషాలు మాట్లాడుకోవచ్చు. తైవాన్ డ్రామాల్లో మనం ఇష్టపడేదీ, విసుక్కునేదీ రెండూ ఇక్కడి నుంచే పుట్టాయి.

విసుగు సంగతి ముందు చూద్దాం. చాలా ఐడల్ డ్రామాలు ఒకపక్క ప్రసారం అవుతుంటే ఇంకోపక్క షూటింగ్ జరిగేది. రేటింగ్ బాగుంటే కథ పొడిగిస్తారు. అప్పుడే విదేశీ చదువు, యాక్సిడెంట్, మతిమరుపు, రెండో హీరో త్యాగం వరసగా వచ్చిపడతాయి. 2008లో వచ్చిన 'ఫేటెడ్ టు లవ్ యు' చూడండి. ఆఫీసులో అందరూ వాడుకుని పక్కన పడేసే 'స్టిక్కీ నోట్' అమ్మాయి కథ. ఒక ఎపిసోడ్ సగటు రేటింగ్ 10 శాతం దాటింది, తైవాన్ ఐడల్ డ్రామాల్లో అది రికార్డు. మొదటి సగం అద్భుతం. రెండో సగంలో మాత్రం విడిపోవడం, కలవడం, మళ్లీ విడిపోవడం. కొరియా దీన్ని 2014లో తీసుకుని 20 ఎపిసోడ్లలో బిగించింది. నిజాయితీగా చెప్పాలంటే రెండో సగం కొరియా వాళ్లదే మెరుగు. కానీ ఆ అమ్మాయి ఆఫీసులో ఎంత కనిపించకుండా పోతుందో తైవాన్ వెర్షన్ చూపించినంత ఓపికగా కొరియా చూపించలేదు.

ఇంకో చికాకు, ప్రకటన. 2012లో నిబంధనలు సడలించాక డ్రామాల్లోకి బ్రాండ్లు బాహాటంగా వచ్చాయి. హీరో ఏడుస్తుంటాడు, పక్కనే డ్రింకు డబ్బా లేబుల్ మనవైపే తిరిగి ఉంటుంది. ఈ రోగం కొరియాకూ ఉంది, అక్కడ కాస్త నాజూగ్గా దాస్తారు.

[తెరపై: పాత క్యాసెట్ ప్లేయర్, హెడ్‌ఫోన్స్]

ఇక ఇష్టపడే సంగతి. దీనికి 'సమ్‌డే ఆర్ వన్ డే' కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2019 నవంబర్ నుంచి 2020 ఫిబ్రవరి దాకా, ఆదివారాల్లో, 13 ఎపిసోడ్లు. మొదటి రెండు ఎపిసోడ్లలో తెలిసేదే చెబుతున్నా, మిగతాది చెప్పను. ప్రియుడు విమాన ప్రమాదంలో పోయి రెండేళ్లయినా తేరుకోని హువాంగ్ యూ-షువాన్ చేతికి ఒక వాక్‌మన్ వస్తుంది. అందులో గాయకుడు వూ బాయ్ 1996లో పాడిన 'లాస్ట్ డాన్స్'. పాట వింటూ నిద్రపోతుంది. కళ్లు తెరిస్తే 1998, తను చెన్ యున్-రు అనే స్కూలు పిల్ల శరీరంలో ఉంది. ముఖం అచ్చం తనదే.

రెండు పాత్రలూ ఆలిస్ కో ఒక్కతే చేసింది. ఇక్కడ గమనించాల్సింది మేకప్ కాదు. యూనిఫాం అదే, జుట్టు అదే. యున్-రు అయితే తల వంచుకుని నడుస్తుంది, గొంతు పైకి లేవదు, ఎవరైనా పిలిస్తే ఒక క్షణం ఆగి చూస్తుంది. అదే శరీరంలో యూ-షువాన్ ఉంటే ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడుతుంది, పడీపడీ నవ్వుతుంది. తర్వాత ఒకరు ఇంకొకరిలా నటించాల్సిన ఘట్టం కూడా వస్తుంది. ఇప్పుడు లోపల ఉన్నది ఎవరో ఏ టైటిల్ కార్డూ చెప్పదు, భుజాలు చూసి మనమే కనిపెట్టాలి. ఇది పని చేయాలంటే ముందు యున్-రు ఇల్లు, స్కూలు, క్యాసెట్ల కొట్టు, ఇవన్నీ తీరిగ్గా చూసి ఆ పిల్ల నడక మనకు అలవాటై ఉండాలి. ఆ తీరిక ఇచ్చింది ఆదివారం రాత్రి స్లాటే. తైవాన్ టీవీకి ఇచ్చే గోల్డెన్ బెల్ అవార్డుల్లో 2020లో ఉత్తమ డ్రామా సీరీస్, ఉత్తమ నటి రెండూ దీనికే వచ్చాయి.

కొరియా దీన్ని 'ఎ టైమ్ కాల్డ్ యు' పేరుతో 2023లో నెట్‌ఫ్లిక్స్‌కి తీసింది. 12 ఎపిసోడ్లు, అన్నీ ఒకే రోజు విడుదల. పాట మార్చారు, అదీ 1996 పాటే. దృశ్యం అందంగా ఉంది, నటులు బాగున్నారు. కానీ తైవాన్‌లో ఒక ఎపిసోడ్‌కీ ఇంకో ఎపిసోడ్‌కీ మధ్య ఏడు రోజులు జనం బుర్రలు బద్దలు కొట్టుకున్న చిక్కుముడిని ఒక్క రాత్రిలో చూసేస్తే అది చిక్కుముడిగా నిలవదు. మూలం చూసేటప్పుడు రోజుకు ఒక్క ఎపిసోడే చూడండి. రెండు చూస్తే మూడో రోజుకి ఏ సంవత్సరంలో ఉన్నారో తెలియదు.

[తెరపై: రాత్రి 8 గంటలు చూపే గడియారం]

ఒక పక్కదారి. తైవాన్ అంటే ఐడల్ డ్రామా ఒక్కటే అనుకోకండి. ఫార్మోసా టీవీ, సాన్‌లీ ఛానళ్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి 8 గంటలకు తైవానీస్ హొక్కియన్ భాషలో వచ్చే సీరియళ్లు వేరే లోకం. ఆస్తి తగాదాలు, పుట్టుక రహస్యాలు, చచ్చాడనుకున్నవాడు తిరిగి రావడం, అత్తగారి వైపు కెమెరా మూడుసార్లు జూమ్ కావడం. వందల ఎపిసోడ్లు. మన ఇళ్లలో సాయంత్రం మోగే సీరియళ్లకు అలవాటు పడ్డవాళ్లకి సబ్‌టైటిల్ కూడా అక్కర్లేదు. ఇవి బయటి దేశాల ప్లాట్‌ఫాంలలో పెద్దగా దొరకవు, దొరక్కపోయినా పెద్ద నష్టం లేదు.

2010 తర్వాత ఐడల్ డ్రామాకి గడ్డుకాలం. తైవాన్ జనాభా 2.3 కోట్లు, అందులో ఛానళ్లు కుప్పలు, ఒక్కోదానికి వచ్చే ప్రకటనల డబ్బు తక్కువ. పక్కనే చైనా మార్కెట్, భాష ఒకటే, పారితోషికం ఎన్నో రెట్లు. నటులు, దర్శకులు, రచయితలు అటు వెళ్లారు. ఆ కాలంలో నిలిచిపోయింది 2011 నాటి 'ఇన్ టైమ్ విత్ యు'. 30 ఏళ్లు నిండిన స్త్రీ, ఆమె స్కూలు నాటి స్నేహితుడు, 13 ఎపిసోడ్లు, విలన్ లేడు. రచన షూ యూ-టింగ్. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకునే సీన్లే దాని బలం.

తైవాన్ డ్రామా తిరిగి లేచింది 2019లో. ఈసారి ముందు నిలిచింది ప్రభుత్వ నిధులతో నడిచే పబ్లిక్ టెలివిజన్. 'ది వరల్డ్ బిట్వీన్ అజ్', 10 ఎపిసోడ్లు. సినిమా హాల్లో కాల్పులు జరిగిన తర్వాతి కథ. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒక న్యూస్ ఛానల్లో పెద్ద హోదాలో ఉంటుంది. కాల్చినవాడి చెల్లెలు పేరు మార్చుకుని అదే ఛానల్లో ఉద్యోగానికి చేరుతుంది. కొరియాలో ఇదే కథ తీస్తే హంతకుడు ఎవరు, ఎందుకు అన్న వేట అవుతుంది. ఇక్కడ హంతకుడు ఎవరో మొదటే తెలుసు. మిగిలినవాళ్లు ఒకే ఊళ్లో ఎలా బతకాలన్నదే ప్రశ్న. చైనాలో ఇలాంటి విషయం టీవీకి ఎక్కడమే కష్టం.

2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'వేవ్ మేకర్స్' ఇంకా దూరం వెళ్లింది. ఎన్నికల్లో పార్టీ ఆఫీసు సిబ్బంది కథ, 8 ఎపిసోడ్లు. లైంగిక వేధింపు జరిగిన ఒక ఉద్యోగినితో పై అధికారిణి ఈసారి దీన్ని ఊరికే వదిలేయొద్దని చెప్పే సీన్ ఉంది. విడుదలైన నెలకు, నిజంగానే అధికార పార్టీలో ఒకప్పుడు పనిచేసిన ఒక మహిళ ఆ సీన్‌ను ప్రస్తావిస్తూ తన అనుభవం బయటపెట్టింది. ఆ తర్వాత వరసగా ఎందరో మాట్లాడారు. తైవాన్‌లో మీటూ ఉద్యమం అలా లేచింది. ఒక డ్రామా సీన్‌కి ఇంత పర్యవసానం ఆసియాలో అరుదు.

[తెరపై: సెట్టింగ్స్ మెనూ]

ఇక చూసే పద్ధతి. నెట్‌ఫ్లిక్స్, ఆసియా డ్రామాలు పెట్టే స్ట్రీమింగ్ సైట్ వికీ (Viki), ఈ రెండింట్లో వెతకండి. దొరికేవి నెలనెలా మారుతుంటాయి. పేరు దొరక్కపోతే నటుల పేరుతో వెతకండి, అదీ రెండు రకాలుగా: ఆలిస్ కో, కో జియా-యెన్ ఒకరే. గ్రెగ్ షూ, షూ గ్వాంగ్-హాన్ ఒకరే. క్రిస్ వూ, వూ కాంగ్-రెన్ ఒకరే.

ఇంగ్లిష్ డబ్బింగ్ పెట్టొద్దు, ఒరిజినల్ ఆడియోనే పెట్టండి. తైవాన్ ఇళ్లలో అమ్మమ్మ హొక్కియన్‌లో తిడుతుంది, మనవరాలు మాండరిన్‌లో జవాబిస్తుంది. డబ్బింగ్‌లో ఆ తేడా చచ్చిపోతుంది. 'గోల్డ్ లీఫ్' అనే 2021 సీరీస్‌లో అయితే 1950ల టీ వ్యాపారం చాలావరకు హక్కా భాషలో నడుస్తుంది.

యూట్యూబ్‌లో దొరికే పాత డ్రామాలకు ఆటో ట్రాన్స్‌లేట్‌లో తెలుగు పెడితే చాలాసార్లు ఏమీ రాదు. ఎందుకంటే చైనీస్ సబ్‌టైటిళ్లు బొమ్మలోనే అచ్చు వేసి ఉంటాయి, విడి క్యాప్షన్ ఫైలు ఉండదు. క్యాప్షన్ ఉన్నా, మాండరిన్‌లో 'అతను', 'ఆమె' రెండూ వినడానికి ఒకటే. అందుకే యంత్రం చేసే అనువాదంలో హీరో మధ్యమధ్యలో ఆడదైపోతాడు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ విడిగా ఉంటే అదే నయం. ఇంకోటి, విదేశాలకు అమ్మేటప్పుడు 90 నిమిషాల ఎపిసోడ్లను రెండుగా కోసేస్తారు. ఒకచోట 20, ఇంకోచోట 40 ఎపిసోడ్లు కనిపిస్తే కంగారు పడకండి, కథ అదే. కానీ సగం చూశాక ప్లాట్‌ఫాం మారొద్దు.

[తెరపై: చూడాల్సిన వరస]

కొరియన్ డ్రామాలకు అలవాటు పడ్డవాళ్లు 'సమ్‌డే ఆర్ వన్ డే'తో మొదలుపెట్టండి. జపాన్ డ్రామాలు ఇష్టమైతే 'ఇన్ టైమ్ విత్ యు'. క్రైమ్ కావాలంటే 'ది విక్టిమ్స్ గేమ్', మొదటి సీజన్ 8 ఎపిసోడ్లే. భారీతనం కావాలంటే 1988 తైపీ బార్లలో నడిచే 'లైట్ ద నైట్', మూడు భాగాలు, 24 ఎపిసోడ్లు. చైనా టీవీలో పేరు తెచ్చుకుని తిరిగొచ్చిన రూబీ లిన్ దానికి నిర్మాత, ప్రధాన నటి. 'మీటియర్ గార్డెన్' 2001 మాత్రం ఆఖర్న చూడండి. ముందే చూస్తే ఆ హీరో జుట్టు దగ్గరే ఆగిపోతారు.