లెడ్‌బీటర్స్ పాసమ్‌కు తొర్రల కరువు

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: వన్యప్రాణి శాస్త్రం బోధించే ప్రొఫెసర్, విశ్రాంత అటవీ అధికారి, మెల్‌బోర్న్‌లో స్థిరపడి అక్కడి అడవుల్లో స్వచ్ఛందంగా పనిచేస్తున్న తెలుగు ఇంజనీరు.)

సంధానకర్త: నమస్కారం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1971లో లెడ్‌బీటర్స్ పాసమ్‌ను తన రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది. 2015లో అదే జంతువు, అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవిగా ఆ దేశపు జాతీయ జాబితాకు ఎక్కింది. ప్రొఫెసర్ గారూ, దీన్ని ఎన్నడూ చూడని మనవాళ్లకు ముందు పరిచయం చేయండి.

ప్రొఫెసర్: మన పెరట్లో తిరిగే ఉడతను తలుచుకుంటే సగం పరిచయం అయిపోతుంది. బరువు నూట ముప్పై గ్రాములకు అటూ ఇటూ, తోకతో కలిపి పొడవు అడుగుకు కాస్త ఎక్కువ, బూడిద రంగు ఒళ్లు, వీపు పొడవునా నల్లటి చార, చివరికి పోయేకొద్దీ లావయ్యే తోక. అయితే ఉడతతో దీనికి చుట్టరికం లేదు. ఇది కంగారూ మాదిరిగా పిల్లను పొట్టసంచిలో పెంచే జాతి. పగలంతా పెద్ద చెట్టు తొర్రలో, నారలా చీల్చిన బెరడుతో కట్టుకున్న గూట్లో పడుకుంటుంది. చీకటి పడ్డాక బయటికి వచ్చి, మన తుమ్మ కుటుంబానికే చెందిన వాటిల్ చెట్ల బెరడు కొరికి, కారిన బంకను నాకుతుంది, పురుగులను తింటుంది. ఒక్కో తొర్రలో పది పన్నెండు దాకా ఉండే ఆ కుటుంబానికి పెత్తనం ఆడదానిదే, పొరుగు ఆడవాటిని తమ హద్దులోంచి తరిమేదీ అదే.

సంధానకర్త: ఇది ఒకసారి అంతరించిపోయిందని కూడా అనుకున్నారట కదా?

ప్రొఫెసర్: అవును. 1867లో ఫ్రెడరిక్ మెక్‌కాయ్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1909 తర్వాత అర్ధ శతాబ్దం పాటు జాడ లేకపోవడంతో పోయిన జాతుల లెక్కలో వేసేశారు. 1961 ఏప్రిల్ 3న మెరీస్‌విల్ దగ్గరి అడవిలో ఎరిక్ విల్కిన్సన్‌కు ఇది మళ్లీ కనిపించింది. ఆ పునర్జన్మకు కారణం 1939 జనవరిలో ఆ కొండలను కాల్చిన మహాదావానలమే అంటే ఆశ్చర్యం కలగవచ్చు. కాలిపోయిన ముసలి చెట్లు మోడులుగా నిలబడి తొర్రలు ఇచ్చాయి, వాటి కింద గుబురుగా లేచిన వాటిల్ చెట్లు బంకను ఇచ్చాయి. ఇల్లూ తిండీ పక్కపక్కనే దొరకడంతో జాతి కోలుకుంది. ఆ మోడులు ఇప్పుడు ఒక్కొక్కటిగా కూలిపోతున్నాయి, వాటి స్థానంలోకి రావలసిన చెట్లకు ఇంకా తొర్రలు పడలేదు. నన్నడిగితే ఈ కథ మొత్తం ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే.

అటవీ అధికారి: ఇక్కడ నేనొక మాట కలపాలి. యూకలిప్టస్ అనగానే మనవాళ్లకు జామాయిల్ తోట గుర్తొస్తుంది. నాలుగైదేళ్లకు నరికి కాగితం మిల్లుకు తోలితే, మొద్దు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. పాసమ్ ఉండే మౌంటెన్ యాష్ కూడా యూకలిప్టసే గానీ, దాని తీరు వేరు. పూలు పూసే చెట్లలో ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే. గట్టి మంటకు నిలువునా చస్తుంది, పిలకలు వేయదు, రాలిన విత్తనం నుంచే అడవి మళ్లీ లేవాలి. అలా లేచిన చెట్టుకు ఒక జంతువు దూరేంత తొర్ర పడటానికి కనీసం నూట ఇరవై, నూట యాభై ఏళ్లు పడుతుంది. అక్కడి కలప శాఖ మాత్రం అరవై, ఎనభై ఏళ్లకే కోత తిరిగి వచ్చేలా కూపులు, అంటే వంతులవారీగా నరికే అడవి ముక్కలు, వేసుకుంది. కూపు అన్నది మా శాఖలోనూ రోజూ వాడే మాటే కాబట్టి ఆ లెక్క నాకు వెంటనే అర్థమైంది: ఆ పద్ధతిలో ఏ చెట్టూ తొర్ర పడే వయసుకు చేరదు.

సంధానకర్త: అంటే నరికివేతే ప్రధాన దోషి అంటారా? మీరు సర్వీసంతా కూపులు నడిపినవారు కదా.

అటవీ అధికారి: (నవ్వు) నడిపాను కాబట్టే అంటున్నాను. అయితే మంటను పక్కన పెట్టలేం. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో చెలరేగిన మంటల్లో 173 మంది చనిపోయారు, మెరీస్‌విల్ ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, పాసమ్ ఆవాసంలో మూడో వంతుకు పైగా కాలిపోయింది. అలాంటి చోట చేతులు కట్టుకుని కూర్చోవడం కంటే గూటిపెట్టెలు కట్టడం, బతికున్న చెట్టు కాండంలో రంపంతో తొర్ర తొలవడం వంటి పనులు చేయాలన్నది నా అభిప్రాయం.

ఇంజనీరు: సర్, ఆ పెట్టెలు ఎక్కించిన బృందంలో నేనూ ఉన్నాను, కాబట్టి రెండు మాటలు చెబుతాను. చెక్క పెట్టె పదిహేను, ఇరవై ఏళ్లకు మించి నిలవదు. ఈలోపు మూత ఊడుతుంది, చెట్టు లావెక్కి మేకును బయటికి తోస్తుంది. వేసవిలో లోపల ఉడుకుతుంది, చలికాలంలో గడ్డకడుతుంది. అరచేతి మందం గోడ ఉన్న సజీవ కాండం ఇచ్చే రక్షణ అంగుళం పలక ఇవ్వదు. అయినా పెట్టెలు లేకపోతే యెల్లింగ్‌బోలో మిగిలిన గుంపు ఈపాటికి ఉండేది కాదేమో. అది మెల్‌బోర్న్‌కు తూర్పున ఉన్న చిత్తడి అడవి. అక్కడి పాసమ్‌లు కొండ మీది వాటి నుంచి జన్యుపరంగా వేరుపడినవి, సంఖ్య కొన్ని పదులకు పడిపోయింది.

సంధానకర్త: మీరు వాటిని లెక్కించడానికి కూడా వెళ్తారట. అదెలా జరుగుతుంది?

ఇంజనీరు: సూర్యాస్తమయానికి ముందే ఒక్కొక్కరం ఒక్కో మోడు కింద మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాం. ఫోను ఆపేయాలి, లైటు వేయకూడదు. తొర్ర నోరు ఆకాశానికి అడ్డంగా కనపడేలా కుర్చీ సర్దుకుని, మెడ వెనక్కి వాల్చి చూస్తూ ఉండాలి. వెలుగు పూర్తిగా పోయే ఆ కాస్త సమయంలో ఒక చిన్న నీడ అంచు మీదికి వచ్చి ఆగుతుంది, అంతలోనే పక్క కొమ్మకు దూకేస్తుంది. ఒకటి, రెండు, మూడు అని కాగితం మీద గీతలు పెట్టుకుంటాం. గంటన్నరకు మెడ పట్టేస్తుంది. చాలా రాత్రులు గీత ఒక్కటీ పడదు, అయినా ఆ సున్నాను కూడా నమోదు చేసి పంపాలి.

అటవీ అధికారి: ఇప్పుడు చెట్టు ఎక్కి, తేనె ఎర పెట్టి, కెమెరాలు బిగిస్తున్నారు. 2014 తర్వాత అలా వందల గుంపులు కొత్తగా దొరికాయి. కనిపించిన ప్రతి చోటా చుట్టూ 200 మీటర్ల మేర కోత ఆపాలన్న నిబంధన వచ్చింది. ఇన్ని దొరికినప్పుడు ముప్పు తీవ్రతను తగ్గించి రాయాలని కలప పరిశ్రమ అడిగింది. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయగలమా, మేడమ్?

ప్రొఫెసర్: ఆ వాదనను పరిశీలించాకే 2019లో జాబితా స్థాయిని యథాతథంగా ఉంచారు. బియ్యం డబ్బాలో ఇంకో నాలుగు గిద్దలు కనిపించడం వేరు, రోజూ ఎంత తరుగుతోందన్నది వేరు. కెమెరా చూపించేది ఇదివరకే ఉన్న జంతువులను, వాటికి రాబోయే ఇరవై ఏళ్లలో ఇల్లు ఉంటుందో లేదో కెమెరా చెప్పలేదు. పర్యావరణ శాస్త్రవేత్త డేవిడ్ లిండెన్‌మేయర్ 1983 నుంచి ఆ అడవుల్లో నిర్ణీత స్థలాలను పదేపదే కొలుస్తూ వచ్చారు. ఒకే చెట్టును నలభై ఏళ్లు గమనిస్తే తప్ప అది ఎప్పుడు ఒరిగింది, ఎప్పుడు కూలిందన్నది తెలియదు; ఆ ఓపిక వల్లనే తొర్ర చెట్ల తరుగుదల బయటపడింది. ఇంకో విషయం, 200 మీటర్ల వలయమంటే పన్నెండున్నర హెక్టార్లు. చుట్టూ నరికేసి మధ్యలో అంత ముక్కను వదిలితే గాలికి మొదట పడేది ఆ ముసలి చెట్లే.

సంధానకర్త: ఈ వివాదం కోర్టుకు కూడా వెళ్లింది.

ప్రొఫెసర్: వెళ్లింది. ఫ్రెండ్స్ ఆఫ్ లెడ్‌బీటర్స్ పాసమ్ అనే స్వచ్ఛంద సంఘం, ప్రభుత్వ కలప సంస్థ విక్‌ఫారెస్ట్స్ మీద దావా వేసింది. 66 కూపుల విషయంలో ఆ సంస్థ చట్టానికి విరుద్ధంగా నడుచుకుందని 2020లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి డెబ్రా మోర్టిమర్ తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాది అప్పీలులో, కలప పనులకు ఉన్న మినహాయింపును వేరుగా అన్వయించి, విస్తృత ధర్మాసనం ఆ ఫలితాన్ని తిరగేసింది. కోర్టులో ఓడిన పక్షానిదే చివరికి అడవిలో పైచేయి అయింది: 2030 వరకు సాగాల్సిన సహజ అడవుల నరికివేతను విక్టోరియా ప్రభుత్వం 2024 జనవరి 1 నుంచే ఆపేసింది.

ఇంజనీరు: మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్లకు నేనొకటి చెబుతుంటాను. మన కుళాయిలో వచ్చే నీళ్లలో చాలా భాగం ఈ చెట్ల కిందనుంచి వచ్చేవే. ముసలి మౌంటెన్ యాష్ అడవి కంటే కొత్తగా లేచిన పడుచు అడవి ఎక్కువ నీరు తాగుతుంది. పాసమ్ మీద ప్రేమ లేనివారికి కూడా ఆ లెక్క అర్థమవుతుంది.

సంధానకర్త: నరికివేత ఆగింది కాబట్టి ఇక గండం గడిచినట్టేనా?

అటవీ అధికారి: రంపం ఆగినంత మాత్రాన తొర్ర పుట్టదు కదండీ. 1939లో మొలిచిన చెట్టుకు నూట ఇరవై కలపండి, 2059 వస్తుంది. అదీ ఈలోపు మంట రాకుండా ఉంటే. అందుకే పెట్టెల పని మానవద్దంటున్నాను. ఆ వంతెన ఎంత అతుకులబొంత అయినా సరే.

ప్రొఫెసర్: అందులో మీతో నాకు పేచీ లేదు. పెట్టె ఉంది కదా అని ముసలి చెట్టును వదులుకోవడంతోనే పేచీ. ఒక మంచి వార్త కూడా ఉంది. విక్టోరియాకే పరిమితమనుకున్న ఈ పాసమ్, న్యూ సౌత్ వేల్స్‌లోని కోషియస్కో జాతీయ ఉద్యానవనంలో 2024లో పెట్టిన కెమెరాకు చిక్కింది. అక్కడ ఎన్ని ఉన్నాయో, ఏ చెట్లలో ఉంటున్నాయో వెతికే పని ఇప్పుడు ముందుకు రావాలి.

సంధానకర్త: మీరు కాపలా కాసే మోడుల సంగతేమిటి?

ఇంజనీరు: నేను మొదటిసారి కూర్చున్న మోడు పోయిన చలికాలం గాలివానకు విరిగిపడింది. వెళ్లి చూస్తే తొర్ర ఉన్న భాగం నేల మీద రెండుగా చీలి ఉంది, లోపల బెరడు నారతో చేసిన గూడు తడిసి ముద్దయి ఉంది, జంతువులు మాత్రం లేవు. మా జాబితాలో దాని నంబరు ఎదురుగా పడిపోయిందని రాసి, చీకటి పడేలోపు తర్వాతి నంబరు చెట్టుకు కుర్చీ మోసుకుపోయాను.