పూతరేకుల పెట్టెకు కొటేషన్ రాద్దాం

నమస్కారం. ఈ రోజు కంప్యూటర్ తెరవడం లేదు. నా ముందు ఒక తెల్లకాగితం, ఒక పెన్ను, ఒక ఖాళీ పూతరేకుల పెట్టె ఉన్నాయి. లోపలివి నిన్ననే అయిపోయాయి, అడగకండి.

సొంతంగా డిజైన్ పని మొదలుపెట్టినవాళ్లు బొమ్మ దగ్గర తడబడరు, ధర చెప్పే దగ్గర తడబడతారు. నేనూ అంతే. మూడేళ్ల కిందట ఆత్రేయపురం నుంచి ఒక వ్యాపారి వచ్చారు. "చిన్న పనే కదా బాబూ, పెట్టె మీద నాలుగు అక్షరాలు" అన్నారు. "మీ ఇష్టమండీ, ఎంతో కొంత ఇవ్వండి" అన్నాను. పదకొండుసార్లు మార్పించారు. కొబ్బరిచెట్టు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. నెలన్నర తర్వాత నా చేతికి రెండు వేల రూపాయలు, రెండు పెట్టెల పూతరేకులు అందాయి. బెల్లంవి బాగున్నాయి.

ఆయనే పోయిన నెల కిలో పెట్టె కోసం మళ్లీ వచ్చారు. ఈసారి నేను ఆయనకిచ్చిన కొటేషన్, అంటే పని, ధర, షరతులు రాసిన కాగితం, ఇదిగో. కెమెరా కాస్త దగ్గరికి తెస్తాను.

పైన పని వివరం. "పెట్టె డిజైన్" అంటే చాలదు. కిలో పెట్టె, పై మూత, నాలుగు పక్కలు, తెలుగు, ఇంగ్లిషు అక్షరాలు అని విడమరచి రాశాను. దాని కింద ఆయన ఇవ్వవలసినవి: 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ, పదార్థాల పేర్లు. ఇవి అందకపోతే పని ఆగేది ఆయన వల్ల, మాట పడేది మనం. ఇంకొకటి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కాబట్టి ఆ ముద్ర కూడా వేయమంటారు. అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే ఆ హక్కు ఉంటుంది. ఆ పత్రం చూశాకే వేయండి.

ఇప్పుడు ధర. అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందా, ఇంటి ఖర్చు కలిపి నెలకు 33,000 అనుకుందాం. 22 రోజులు కూర్చున్నా డబ్బు తెచ్చే పని 11 రోజులే, మిగతావన్నీ ఫోన్లు, తిరుగుళ్లు, బాకీ వసూళ్లు. అంటే రోజుకు 3,000. పెట్టెకు నాలుగు రోజులు, 12,000. ఇది ఖర్చులకే సరి. మన డెల్టాలో ఆషాఢం వస్తే శుభలేఖల పని ఉండదు, ధాన్యం డబ్బు చేతికొచ్చేదాకా ఊళ్లో ఎవరూ దుకాణం బోర్డు మార్చరు. ఆ ఖాళీ నెలల కోసం మరో 3,000. మొత్తం 15,000, సగం ముందు.

రెండుసార్లు మార్పులు ధరలోనే. మూడోసారి నుంచి ఒక్కొక్కదానికి 1,000. ఈ వాక్యం రాశాక కొబ్బరిచెట్టు కదల్లేదు!

హక్కుల సంగతి చాలామంది వదిలేస్తారు. కాపీరైట్ హక్కు బదిలీ కావాలంటే సంతకంతో కాగితం ఉండాలి. గడువు రాయకపోతే అది ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. ఆయన విదేశాలకు కూడా పంపుతారు కాబట్టి రెండూ స్పష్టంగా రాశాను.

ప్రెస్సుకు పంపే ఫైలులో అక్షరాలను ఔట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా, మార్చండి. వాళ్ల దగ్గర మన ఫాంట్ లేకపోతే "ఆత్రేయపురం"లో త కింది ర వత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది. మార్చే ముందు అసలు ఫైలును వేరే పేరుతో దాచుకోండి. ఆ తర్వాత అక్షరదోషం కనిపిస్తే దిద్దుకోవడానికి అదే దిక్కు.

ఆయన కాగితమంతా చదివి, "అడ్వాన్సు ఎందుకు బాబూ, మేం ఎక్కడికైనా పారిపోతామా?" అన్నారు. "పెళ్లి ఆర్డరుకు మీరూ తీసుకుంటారు కదండీ" అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూసి, నవ్వి, జేబులోంచి ఫోను తీశారు.