ఏ అప్పన్న మన అప్పన్న?

అందరికీ నమస్కారం.

దక్షిణాఫ్రికా నుంచో మారిషస్ నుంచో పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చే తెలుగు కుటుంబాల చేతిలో చాలాసార్లు ఒక్క పేరే ఉంటుంది. అప్పన్న, అప్పడు, అప్పలస్వామి, సింహాచలం. పాత ఓడ జాబితాల్లో వెతికితే ఆ పేరు దొరుకుతుంది. పేజీల కొద్దీ దొరుకుతుంది. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు, రైల్వే పనులకు, బొగ్గు గనులకు సుమారు లక్షా 52 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వాళ్లలో చాలామంది మద్రాసు ఓడల్లోనే ఎక్కారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని పెట్టిన పేర్లు ఇంటింటా ఉంటాయి. మన ఊళ్లలో ఇద్దరు అప్పన్నల్ని విడదీసేది ఇంటిపేరు. ఓడ జాబితాలు రాసిన గుమాస్తాలు సాధారణంగా దాన్ని రాసుకోలేదు.

రాసుకున్నవి వేరే ఉన్నాయి. నాటాల్ జాబితాలో ప్రతి మనిషికీ ఒక కాలనీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. ఆ నంబరే మనకు ప్రాణం. పెళ్లి నమోదులో, యజమాని మీద పెట్టిన ఫిర్యాదులో పేరు అప్పడు అనీ, అప్పాడూ అనీ, అప్పుడు అనీ మారుతూ పోవచ్చు. నంబరు మాత్రం మనిషి వెంటే నడుస్తుంది. మారిషస్‌లోనూ ఇంతే. అక్కడి కూలీల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల నుంచి కొందరికి ఫొటోలు కూడా ఉన్నాయి. మీ ఇంట్లో ఏ పాత కాగితం మీదైనా ఒక అంకె ఉంటే, దాన్ని పేరు కన్నా జాగ్రత్తగా దాచండి.

నంబరు లేనప్పుడు ఊరు చూస్తాం. ఇక్కడ జిల్లా పేరు మనల్ని మోసం చేస్తుంది. జాబితాలో 'గంజాం, చికాకోల్' అని ఉంటే అది ఇప్పటి శ్రీకాకుళం. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా ఆ ప్రాంతం గంజాం జిల్లాలోనే ఉండేది. 'ఉత్తర ఆర్కాటు' అని చూసి తమిళుడే అనుకోవద్దు, 1911 దాకా చిత్తూరు కూడా అందులోదే. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి, పాత గోదావరి జిల్లాకు తూర్పు గోదావరి అని పేరొచ్చింది 1925లో. పైగా మనుషుల్లాగే ఊళ్లకూ ఒకే పేరు. కొత్తపల్లి అంటే ఎన్ని కొత్తపల్లులు! తాలూకా తేలకుండా ఊరు తేలినట్టు కాదు.

తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ మన ఇళ్లలో పెద అప్పన్న, చిన అప్పన్న అని అన్నదమ్ములకే ఒక పేరు పెడతారు. గుమాస్తా పెద, చిన వదిలేశాడా, ఒకే తండ్రి, ఒకే ఊరు, ఒకే కులం ఉన్న ఇద్దరు అప్పన్నలు మిగులుతారు. అప్పుడు పనికొచ్చేది వయసు, ఒంటి మీద మచ్చ. ఎడమ మోకాలి మీద మచ్చ అని రాసి ఉంటే దాన్ని చదవకుండా వదలొద్దు. వయసుని మాత్రం ఉజ్జాయింపుగానే తీసుకోండి. అడిగినవాడూ చెప్పినవాడూ ఇద్దరూ అంచనా వేసిందే అది.

తాత పేరు మనవడికి పెట్టే మన ఆచారం ఒక పక్క చిక్కు తెస్తుంది, ఇంకో పక్క సాయం చేస్తుంది. 1880లో ఒక తోటలో అప్పన్న, 1930లో అదే చోట మరో అప్పన్న కనబడితే, ఒకే మనిషి అనుకునే ముందు తాతామనవళ్లేమో చూడండి. నడుమ తరం పేరు దొరికితే వంశం నిలబడుతుంది.

దీనికి తిరగబడ్డ చిక్కు కూడా ఉంది. ఒప్పందం ముగిసి ఇంటికొచ్చి, బతకలేక మళ్లీ ఓడెక్కినవాళ్లకు రెండు నంబర్లు ఉండొచ్చు. అక్కడ ఇద్దరుగా కనబడేది ఒక్కడే.

ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. అప్పలమ్మ ఒక కాగితంలో ఫలానావాడి కూతురు, ఇంకో కాగితంలో ఫలానావాడి భార్య. భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆనవాలే మారిపోతుంది. అందుకే అప్పలమ్మను వెతకాలంటే ముందు ఆమె పిల్లల జనన నమోదుల్ని పట్టుకోవాలి.

నన్ను బాధపెట్టేది తొందర. పేరు, ఏడాది కలిశాయి కదా అని ఇంటర్నెట్‌లో ఇద్దరు అప్పన్నల్ని ఒక్క వంశవృక్షంలో కలిపేస్తున్నారు. ఆ రెండోవాడు ఉత్తరం రాయలేదు, ఆస్తి వదల్లేదు. అతను బతికాడనడానికి ఆ జాబితాలో ఒక్క వరుసే మిగిలి ఉంది. మనం కలిపేస్తే అదీ పోతుంది. అతని కోసం కూడా ఎవరో ఎక్కడో వెతుకుతూ ఉండొచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలిసేదాకా వాళ్లను విడివిడిగానే ఉంచండి.

ఆర్కైవ్స్‌కి రాసేముందు ఇంట్లో పెద్దవాళ్లని ఇంటిపేరు, తోట పేరు, తోడబుట్టినవాళ్ల పేర్లు అడిగి రాసుకోండి. పేరు ఎన్ని రకాలుగా పలుకుతారో అన్నీ రాయండి. పాత కాగితాల ఫొటోలు వెనక వైపు కూడా తీసి పంపండి. నంబరు చాలాసార్లు అక్కడే ఉంటుంది.