తుపాకీ పేలుతుంది, కెమెరా పక్కకి జరుగుతుంది

తమ్ముడు: అక్కా, 1931 నాటి 'ద పబ్లిక్ ఎనిమీ' మళ్లీ చూశాను. సెన్సార్ గట్టిగా లేని రోజుల్లో వచ్చిన గ్యాంగ్‌స్టర్ సినిమా కదా, తెర నిండా రక్తమే ఉంటుందనుకుంటాం. చూస్తే ముఖ్యమైన హత్యలు చాలావరకు మనకి కనబడనే కనబడవు!

అక్క: నాకు ఆ సినిమా మీద అంత ప్రేమ అందుకే రా. పుట్టీ నోస్ సీన్ చూడు. హీరో టామ్‌కీ, అతని స్నేహితుడు మాట్‌కీ చిన్నప్పుడు దొంగతనాలు నేర్పి, తీరా ఆపద వచ్చేసరికి వదిలేసి పారిపోయినవాడు. ఏళ్ల తర్వాత వీళ్లిద్దరూ ఇంటికొస్తే, ప్రాణభయంతో పియానో ముందు కూర్చుని, వీళ్ల చిన్నప్పుడు పాడిన పాటే మళ్లీ అందుకుంటాడు. డైరెక్టర్ వెల్‌మన్ కెమెరాని మెల్లగా పక్కకి జరిపి, గుమ్మం దగ్గర నిలబడ్డ మాట్ మొహం మీద ఆపుతాడు. తుపాకీ మోత వింటాం, అంతే. చావుని మాట్ మొహంలో చూడాలి మనం.

తమ్ముడు: చివర్లో వానలో టామ్ పగ తీర్చుకునే సీన్ కూడా అంతే. టామ్ లోపలికి వెళ్తాడు, మనం బయటే ఉండిపోతాం.

అక్క: అవును. కాల్పులు, అరుపులు వినబడతాయి, తర్వాత తూలుతూ బయటికొచ్చి కూలిపోతాడు. టామ్‌గా జేమ్స్ కాగ్నీ ఎంత బాగా చేశాడో! అసలు మొదట టామ్ వేషం ఎడ్వర్డ్ వుడ్స్‌ది, కాగ్నీది స్నేహితుడి వేషం. షూటింగ్ మొదలయ్యాక మార్చారు గానీ పిల్లల సీన్లు మళ్లీ తీయలేదు, అందుకే చిన్నప్పటి టామ్‌లో వుడ్స్ పోలికలే ఉంటాయి.

తమ్ముడు: మరి ఆ గ్రేప్‌ఫ్రూట్ సీన్?

అక్క: టామ్ తన ప్రియురాలి వేషం వేసిన మే క్లార్క్ మొహానికేసి పండు నొక్కేస్తాడే, అదొక్కటి మాత్రం ఏ దాపరికం లేకుండా చూపించాడు. చాలామంది దాన్ని సరదాగా చెప్పుకుంటారు, నాకు మాత్రం ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది. పొద్దున్నే టిఫిన్ బల్ల దగ్గర ఇంత క్రూరంగా ఉండేవాడు బయట ఏం చేస్తాడో చూపించక్కర్లేదు కదా.

తమ్ముడు: సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే హాలీవుడ్ కోడ్ అప్పటికే ఉందిగా?

అక్క: 1930లోనే రాసుకున్నారు, పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. 1934 జులైలో దాన్ని అమలు చేసే అధికారం జోసెఫ్ బ్రీన్ చేతికి వచ్చాకే బిగించారు. ఆ తర్వాత ఈ సినిమాని మళ్లీ విడుదల చేసినప్పుడు ఏం కత్తిరించారో తెలుసా? టైలర్ టామ్‌కి కొలతలు తీసుకునే సీన్, పడకగదిలో మాట్, అతని ప్రియురాలు మేమీల సరసం, టామ్ దాక్కున్న ఇంట్లో ఆవిడ అతన్ని లొంగదీసుకునే సీన్. పుట్టీ నోస్ హత్య అలాగే ఉంది! ఆ ముక్కలు తిరిగి కలిపిన ప్రింట్ దొరుకుతోంది, చూస్తే అదే చూడండి.